ఎర్ర గింజలు, గుల్ల సున్నం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఏలూరు పవర్‌పేటలో ఎవర్నడిగినా చెబుతారండీ. పుట్టిల్లు తాడేపల్లిగూడెం, ఉల్లిపాయల మార్కెట్ పక్కన. అక్కడ నెమ్మదిగా మాట్లాడితే పక్కవాళ్ళకి వినపడదు. ఆ గొంతే నాతోపాటు అత్తారింటికి వచ్చింది. మా ఆయన నాగూర్ అద్దాలు కోసి చేపల తొట్టెలు కడతారు. ఆయన నోట్లోంచి మాట రాదు, ఆయన కట్టిన తొట్టెలోంచి చుక్క రాదు. నీళ్ళ సంగతీ, చేపల సంగతీ, జనంతో తగాదాలూ నావి.

గోల్డ్‌ఫిష్‌లు ఎవరైనా అమ్ముతారు. సముద్రపు నీళ్ళ తొట్టె పెట్టడం మాత్రం ఊళ్ళో ఈ షమీమ్‌కే తెలుసని నా ధీమా. ఆ ధీమా కొద్దీ ఒకే ఒక్క ఇంట్లో పెట్టాను, సత్రంపాడులో వెంకట్రాజు గారింట్లో. రెండు వేల ఎనిమిదిలో, ఎండలు తగ్గాక. నారింజ ఒంటి మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపల జంట, చారల రొయ్యలు, ఆకుపచ్చ బొత్తాలు గుత్తిగా అతికించినట్టుండే ఒక పగడం. పగడమంటే ఉంగరంలో రాయి కాదండోయ్, ప్రాణమున్నది. నోళ్ళు తెరుస్తుంది, ముడుచుకుంటుంది, నీళ్ళు నచ్చకపోతే అలుగుతుంది. నాకంటే ఎక్కువ కోపం దానికి.

ఆ తొట్టె మీద నా షాపు బతుకంతా ఆధారపడి ఉంది. ఎందుకంటే మా మరిది రిజ్వాన్ అప్పటికే నా షట్టరు మీద కన్నేశాడు.

"వదినా, ఈ నీళ్ళూ ఈ నాచూ మనకెందుకు చెప్పు? షట్టరు నాకిచ్చెయ్యి, సెల్‌ఫోన్లు పెడతాను" అంటాడు రోజూ.

"రాజుగారి తొట్టె నిలబడితే నోరు మూసుకుంటావా?" అన్నాను ఒకరోజు ఒళ్ళు మండి.

"నిలబడకపోతే?"

"షట్టరు నీదే, ఫో" అనేశాను. నోరు జారితే అంతేనండీ, తీసుకోలేం.

ఇంతకీ ఆ ఇంటివాళ్ళ సంగతి చెప్పాలి. రాజుగారిది కలిదిండి వైపు. జీవితమంతా కొల్లేటి అంచున చేపల చెరువులు చేసిన మనిషి. అంతకు రెండేళ్ళ ముందు ప్రభుత్వం వాళ్ళు కొల్లేటిలో చెరువుల గట్లు కొట్టించినప్పుడు ఆయనవీ పోయాయి. ఇక అక్కడ ఉండలేక ఏలూరొచ్చేశారు. భార్య నాగరత్నం గారిదీ ఆ పక్క ఊరే, ఆవిడా చెరువులాళ్ళ పిల్లే. తొట్టె ముచ్చట ఆవిడది. రాజుగారైతే మొదట్రోజే "పిల్లలాట" అని పెదవి విరిచారు.

చెరువుల వాళ్ళకి చేప నోరు తెరిస్తే మేత వేయడమే తెలుసు. వద్దంటే వినరు. చేపలు తినగా మిగిలింది మురిగి, నీళ్ళలో ఫాస్ఫేట్ చేరుతుంది. పొలానికి ఎరువెక్కువైతే కలుపు ఎలా బలుస్తుందో, తొట్టెలో ఫాస్ఫేట్ ఎక్కువైతే నాచు అలా బలిసి పగడాన్ని కప్పేస్తుంది. దానికి మందు ఎర్ర గింజలు. ఇనప తుప్పుతో చేస్తారు, చెన్నై నుంచి తెప్పిస్తాను. తొట్టె కింద చెక్క బీరువాలో ఫిల్టరు ఉంటుంది, దాని పక్కన ఒక గొట్టం నిలబెట్టి ఆ గింజలు పోస్తాం. నీళ్ళు కింద నుంచి పైకి వెళ్తుంటే గింజలు ఎసట్లో బియ్యంలా మెల్లగా కదులుతూ ఫాస్ఫేట్‌ని పట్టేసుకోవాలి. కదిలితేనే వాటికి పని.

రాజుగారింట్లో అవి కదలడం మానేశాయి. పోసిన వారానికి గొట్టం తిరగేసి తడితే, అచ్చు బెల్లం ఊడిపడ్డట్టు ఒకటే గడ్డ ఊడిపడింది.

"మందన్నారు, రాయి ఇచ్చారేంటండీ?" అన్నారు రాజుగారు.

"కడగడంలో తేడా వచ్చుంటుందండీ" అన్నాను. కొత్త గింజలు తెచ్చి, ఎర్రపొడి పోయి నీళ్ళు తేటపడేదాకా కడిగి మరీ పోశాను. మళ్ళీ గడ్డే.

ఆ రోజుల్లో కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. కరెంటు పోతే గింజలు అడుక్కి దిగి కూర్చుంటాయి, వచ్చాక ఒకదాన్నొకటి వదలవేమో అనుకున్నాం. మోటారుని ఇన్వర్టరుకి కలిపించాను. మళ్ళీ గడ్డే. నీటి తోపుడు చాలట్లేదేమోనని పెద్ద మోటారు పెట్టాను. గింజలు మరీ కూరేశానేమోనని మా ఆయన వెడల్పు గొట్టం చేసిచ్చారు. ఊఁహూ. కుక్క తోక వంకరే.

అప్పుడు రాజుగారు కుర్చీలోంచి లేవకుండానే చెప్పారు. "షమీమ్ గారూ, మీ కష్టం నేను కాదన్నండీ. కానీ ఇంకోసారి రాయి కడితే ఈ తొట్టె, చేపలూ, మీ గొట్టాలూ అన్నీ ఆటోలో వేసుకుని తీసుకెళ్ళిపోండి. ఆ చోట టీవీ పెట్టుకుంటాం."

నెత్తిన నిప్పులు పోసినట్టయింది నాకు. గడ్డని కవర్లో వేసుకుని షాపుకొచ్చాను. షట్టరు దగ్గర రిజ్వాన్ గోడకి టేపు పెట్టి కొలుస్తున్నాడు. "ఊరికే వదినా, చూసుకుంటున్నా" అని ఇకిలించాడు. వాడి టేపు లాక్కుని కాలవలో పడేద్దామన్నంత కోపం వచ్చింది.

మధ్యాహ్నం అన్నం తింటూ ఆ గడ్డని పక్కన పెట్టుకుని చూస్తున్నాను. విరిస్తే లోపల ఎర్ర గింజల మధ్య తెల్లటి చారలున్నాయి. తుప్పులో తెలుపేంటి? పళ్ళెంలో నిమ్మచెక్క ఉంది. కోపంలో చెయ్యి ఊరుకోదు కదా, ఆ చెక్క తీసి గడ్డ మీద గట్టిగా పిండేశాను.

బుస్సుమని పొంగిందండీ! సోడా కొట్టినట్టు నురగ!

డబ్బాలోంచి కొత్త గింజలు తీసి వాటి మీదా పిండాను. చడీ చప్పుడూ లేదు. మళ్ళీ గడ్డ మీద పిండితే మళ్ళీ బుస్సు. నిమ్మకాయ అయిపోయేదాకా అదే పని చేశాను. అన్నం ఎండిపోయింది, నా కోపమూ ఎండిపోయింది. దాని చోట ఆరా పట్టుకుంది. మా ఆయన గాజు కోత ఆపి వచ్చి, వంగి చూసి, ఆ రోజుకి ఒక్క మాట అన్నారు.

"సున్నం."

అవును, సున్నమే. గింజల మధ్య సున్నం పేరుకుని, ఇటుకల మధ్య అడుసులా వాటిని అతికించేస్తోంది. మరి ఆ తొట్టెలోకి అంత సున్నం ఎక్కడిది? సముద్రపు నీళ్ళ కోసం నేను కలిపే ఉప్పులో కొంచెం ఉంటుంది, దానికింత గడ్డ కట్టదు. ఆవిరైపోయిన నీళ్ళకి బదులు పోసేది క్యాన్ నీళ్ళు. ఒకవేళ పనిమనిషి సుబ్బాయమ్మ బోరు నీళ్ళు పోస్తోందా? వెళ్ళి అడిగితే ఆవిడ చెంపలేసుకుంది. "నాకెందుకమ్మా, ఆ మిషన్లంటేనే భయం. తుడిచేటప్పుడు కూడా దూరంగా ఉంటాను" అంది.

గోడలకి సున్నం వేయించారా అంటే అదీ లేదు, పెయింటు. నేను బీరువా తలుపు తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాను. కూర్చుంటే కనపడింది, తలుపు లోపలి అంచున తెల్లగా వేలి ముద్ర. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. చురుక్కుమంది.

రాజుగారు బజారుకెళ్ళారు. వంటింట్లో నాగరత్నం గారు ఒక్కరే ఉన్నారు.

"అమ్మగారండీ, తొట్టెకి తాంబూలం ఎవరు పెడుతున్నారండీ?" అన్నాను.

ఆవిడ చేతిలో గరిట ఆగిపోయింది. పాపం, అబద్ధం చెప్పడం రాదు ఆవిడకి.

"నేనేనండీ" అన్నారు. "నీళ్ళు పచ్చబడుతున్నాయని... మా నాన్నగారు చెరువు పచ్చబడితే సున్నం కొట్టించేవారు. చేపకి రోగం రాకపోయినా సున్నమే, వచ్చినా సున్నమే. అందుకని సాయంత్రం దీపం పెట్టాక చిటికెడు గుల్ల సున్నం గ్లాసులో కలిపి పోస్తున్నానండీ."

"ఎక్కడ పోస్తున్నారు?"

"పైన పోస్తే తెల్లగా కనపడి ఆయన చూస్తారు కదండీ. కింద బీరువాలో, మీ మోటారు దగ్గర పోస్తున్నాను."

తల పట్టుకున్నాను. చెరువులో సున్నం చల్లితే ఎకరాల నీళ్ళలో కలిసిపోతుంది. ఇక్కడ మోటారు దగ్గర పోస్తే, పోసింది పోసినట్టు నేరుగా గొట్టంలోకెళ్ళి గింజలకి పట్టేస్తుంది. తిట్టడానికి నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు.

"చెరువులు పోయాక ఆయన రెండేళ్ళు ఆ కుర్చీలో గోడకేసి చూస్తూ కూర్చున్నారండీ. పలకరిస్తే ఊఁ అనేవారు, అంతే. నాకు భయమేసి, పోరు పెట్టి ఈ తొట్టె పెట్టించాను. పిల్లలాట అన్నారు గానీ, ఇప్పుడు గోడ మానేసి దీన్ని చూస్తున్నారు. ఇది పోతే మళ్ళీ గోడేనండీ. అందుకే చేపలకేమవుతుందోనని..."

అప్పటిదాకా పోయేది నా షట్టరే అనుకున్నాను. ఆవిడకి పోయేది ఇంకా పెద్దదని అప్పుడు తెలిసింది, మనసు అదోలా అయిపోయింది.

"ఇంకెప్పుడూ పోయకండి. రాజుగారికి నేను చెప్పనులెండి" అన్నాను.

"ఆయ్, పోయనండీ" అన్నారు ఆవిడ.

కొత్త గింజలు పోసి, ఎగురుకుంటూ షాపుకొచ్చాను. "నీ సెల్‌ఫోన్లు బస్టాండులో అమ్ముకో నాయనా" అని రిజ్వాన్‌తో చెప్పేశాను. వాడు మొహం ముడుచుకుని వెళ్ళాడు. ఆ పూట మా ఇంట్లో సేమ్యా పాయసం కూడా వండాను.

వారానికి వెళ్ళి గొట్టం తీస్తే, మళ్ళీ గడ్డ!

యా అల్లా, అన్నాను పైకే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. రాజుగారు కుర్చీలోంచి అంతా చూశారు.

"ఇక చాలండీ. ఆదివారం ఆటో మాట్లాడుకోండి" అన్నారు.

నాగరత్నం గారు వంటింటి గుమ్మంలో నిలబడి, కాదు కాదు అన్నట్టు తల ఊపుతున్నారు. నాకు కళ్ళెర్రబడ్డాయి. పెరట్లోకి తీసుకెళ్ళి అడిగేశాను, మాట తప్పారా అని. "ఆ చేపల మీద ఒట్టండీ, చిటికెడు కూడా ముట్టలేదు" అని ఆవిడ ఏడుపు మొహం పెట్టారు. నమ్మనా మాననా?

షాపులో కూర్చుని గడ్డని మళ్ళీ విరిచాను. నిమ్మరసం పిండితే పొంగింది గానీ ఇదివరకంత కాదు. గడ్డ కూడా అంత గట్టిగా లేదు. అంచులు రాయిలా ఉన్నా నడుమ వేలితో నొక్కితే పొడి రాలింది. అంటే సున్నం తగ్గింది, ఆగలేదు. సగం ఆగింది. నాగరత్నం గారు అబద్ధం చెప్పలేదు.

మరి ఆ మిగతా సగం ఎవరిది? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ షమీమ్ పట్టలేదా చూద్దాం అనుకున్నాను. అప్పుడిక రాజుగారి ఆటో, రిజ్వాన్ టేపు రెండూ మర్చిపోయాను. ఎవరు, ఎప్పుడు, అన్నదొకటే నా బుర్రలో తిరుగుతోంది. ఆ సాయంత్రం మళ్ళీ వెళ్ళి టెస్ట్ కిట్‌తో నీళ్ళు చూశాను. నీళ్ళు బాగానే ఉన్నాయి, సున్నం పోసిన జాడ లేదు. పొద్దున్న పోసిన సున్నమైతే సాయంత్రానికి జాడ పోతుంది, కాబట్టి పోసేది పొద్దున్నే అయ్యుండాలి. "రేపు తెల్లారగట్ల వస్తాను, వీధి తలుపు గడియ తీసి ఉంచండి. ఎవరికీ చెప్పకండి" అని నాగరత్నం గారి చెవిలో వేశాను.

పొద్దున్నే నమాజు చేసుకుని బయలుదేరాను. సత్రంపాడు చేరేసరికి పాలవాళ్ళు సైకిళ్ళ మీద తిరుగుతున్నారు. వీధి తలుపు తోసి, చెప్పులు బయటే వదిలి హాల్లోకి అడుగుపెట్టాను.

తొట్టె లైటు ఒక్కటే వెలుగుతోంది. దాని ముందు లుంగీ పైకి కట్టుకుని రాజుగారు వంగి ఉన్నారు. చెరువు గట్టు మీద చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయేమోనని చూసే వాళ్ళు అలాగే వంగుతారు, కలిదిండి వైపు వెళ్ళినప్పుడు చూశాను. పెదవి విరిచిన ఆ మనిషే ఆ చేపలతో మాట్లాడుతున్నారు.

"ఊపిరాడుతోందా అమ్మా? భయం లేదులే. ఆ గింజలు పాడుచేసినా నేనున్నానుగా" అని, బీరువా తలుపు తీసి, స్టీలు గ్లాసు వంచబోయారు.

"రాజుగారండీ!"

నా గూడెం గొంతుకి గ్లాసు జారి కిందపడింది. ఎర్ర గచ్చు మీద తెల్లటి మడుగు.

"మంచినీళ్ళండీ" అన్నారు ఆయన.

"మంచినీళ్ళు ఇంత తెల్లగా ఉంటాయాండీ? మజ్జిగని చెప్పండి, నమ్ముతాను."

నేను ఊరుకుంటానా, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. "నా గింజలు రాళ్ళన్నారు, నా మందు దండగన్నారు, ఆటో మాట్లాడుకోమన్నారు! రాయి కట్టిస్తోంది మీరాండీ? గింజలు గడ్డకట్టే కొద్దీ నీళ్ళు పాడవుతాయి, నీళ్ళు పాడయ్యే కొద్దీ మీరు సున్నం పోస్తారు, మీరు పోసే కొద్దీ గింజలు గడ్డకడతాయి. నా పరువు తీశారు కదండీ!"

రాజుగారు గచ్చు మీదే కూర్చుండిపోయారు. తల వంచుకునే చెప్పారు.

"గట్లు కొట్టేసినప్పటి నుంచీ తెల్లారగట్ల మెలకువ వచ్చేస్తుందమ్మా. అలవాటు కదా. లేచి ఎక్కడికెళ్ళను? చెరువు లేదు. ఆఖరి సున్నం బస్తాలోది ఒక డబ్బాడు మిగిలితే పారేయలేక తెచ్చుకున్నాను. మీ తొట్టె వచ్చాక, పొద్దున్నే లేచి ఇంత కలిపి పోస్తే... పని చేసినట్టుంటుందమ్మా. పైన పోస్తే మా ఆవిడ నవ్వుతుందని కింద పోశాను."

వెనక నుంచి నాగరత్నం గారి గొంతు వినపడింది. "మీరూనా అండీ?"

"మీరూనా అంటే?" అని రాజుగారు తలెత్తారు. ఆవిడ నోరు నొక్కుకున్నారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. సాయంత్రం ఆవిడ, పొద్దున్న ఈయన. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే మోటారు నోట్లో సున్నం. చెరువుల వాళ్ళిల్లు కాకపోతే ఈ తప్పు ఇంకే ఇంట్లో జరుగుతుంది చెప్పండి! నాకు నవ్వాగలేదు. నా నవ్వు చూసి ఆవిడ నవ్వారు. రాజుగారు మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, తొట్టె అద్దం మీద చెయ్యి వేశారు.

"ఆదివారం తీసుకెళ్ళిపోతారా అమ్మా?" అని అడిగారు.

పొమ్మన్నది ఆయనే. ఇప్పుడు అడుగుతున్నదీ ఆయనే. ఆ గొంతు వింటే నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

"తీసుకెళ్ళి ఎక్కడ పెట్టనండీ, మా మరిది సెల్ షాపులోనా?" అన్నాను. "ఇది ఇక్కడే ఉంటుంది. మీరిద్దరూ సున్నం మానక్కర్లేదు కూడా. పగడానికి ఎముక సున్నంతోనేనండీ, దానికి కావాలి. పోసే పద్ధతే తప్పు. సున్నం నీళ్ళలో కలిపి, అడుగున తేరనిచ్చి, పైన తేటనీళ్ళు మాత్రం తీసుకోవాలి. మందుల షాపులో సెలైన్ గొట్టం కొనుక్కురండి. సెలైన్ ఎక్కించినట్టు చుక్కచుక్కగా, పై తొట్టెలో, అందరికీ కనపడేలా పడాలి. బీరువాలో కాదు."

"సున్నం ఎంత వేయాలండీ? నీళ్ళెన్ని? పొద్దున్న మంచిదా, రాత్రా?" రాజుగారు వరసపెట్టి అడుగుతున్నారు. కుర్చీ వైపు చూడను కూడా లేదు.

"పొద్దున్నేనండీ, చేపలకి ఊపిరి తక్కువయ్యే వేళ. అది నాకంటే మీకే బాగా తెలుసు" అన్నాను. ఆయన తల ఊపారు.

ఆ ఆదివారం ఆటో రాలేదు. గింజలు మార్చి, కొన్నాళ్ళాగి మళ్ళీ వెళ్ళాను. గొట్టం తీసి అరచేతిలో ఒంపుకుంటే గింజలు వేళ్ళ సందుల్లోంచి జలజలా జారిపోయాయి. ఒక్కటి కూడా ఇంకోదాన్ని అంటిపెట్టుకుని లేదు. పైన సెలైన్ గొట్టం చుక్కచుక్కగా కారుతోంది. పగడం అంచున కొత్త బొత్తాలు లేచాయి. తొట్టె ముందు ఒక్క కుర్చీ ఉండే చోట ఇప్పుడు రెండున్నాయి.

సంతోషం పట్టలేక గట్టిగా కేక పెట్టాను. నాగరత్నం గారు కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, రాజుగారికి వినపడకుండా నా చెవి దగ్గరకొచ్చారు.

"ఇవాళ తెల్లారగట్ల ఆయన నన్ను లేపారండీ. 'లే, చెరువుకి వేళైంది' అన్నారు."

మా గూడెం ఉల్లిపాయలకి కూడా ఎన్నడూ కారని నీళ్ళు నా కళ్ళలోంచి కారాయి. కాఫీ తాగేసి, ముక్కు తుడుచుకుని, మేత ఇంకా ఎక్కువే వేస్తున్నారని ఇద్దర్నీ నాలుగు చివాట్లు పెట్టి షాపుకొచ్చేశాను.